కొయ్యని తీగ

"బయట పెట్టించుకుంటే వారంటీ పోతుంది మేడమ్. వాళ్ళు తీగలు కోసేస్తారు," అన్నాడు షోరూమ్ ఇంజనీరు.

ఆ మాట అనడానికి అతను గొంతు తగ్గించలేదు. తగ్గించాలని అతనికి తోచనూ లేదు. ఆ 'వాళ్ళ'లో ఒకామె అతనికి నాలుగడుగుల దూరంలో, చేతిలో కొలత టేపుతో నిలబడి ఉంది.

ఆమెను అందరూ ఓపికమ్మ అంటారు. కార్లలో పాటల సెట్లు, దారి చూపించే నావిగేషన్ సెట్లు బిగించడం ఆమె పని. పక్క షాపుల వాళ్ళు రెండు గంటల్లో దులిపేసుకునే పనికి ఈమె పూటంతా తీసుకుంటుందని వెక్కిరింతగా పెట్టిన పేరది. ఆమె దాన్ని బిరుదులా ఉంచేసుకుంది. పదకొండేళ్ళలో ఆమె చేతి కింద వందల బండ్లు వెళ్ళాయి. కంపెనీ వేసిన తీగ ఒక్కటి కూడా ఆమె కోయలేదు. కంపెనీ ప్లగ్గుకు సరిపోయే జోడు ప్లగ్గు కొనుక్కొచ్చి, మధ్యలో వేసే తీగల కట్టను తన చేత్తోనే కట్టుకుని, ఒక వైపు బండికి, ఇంకో వైపు సెట్టుకు తగిలిస్తుంది. విప్పేస్తే బండి బండే, సెట్టు సెట్టే.

అది డయాలిసిస్ సెంటర్ ముందున్న ఖాళీ స్థలం. రోగుల్ని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, రక్తం శుభ్రం చేయించి, మళ్ళీ దింపడానికి సెంటర్ వాళ్ళు ఆరు కొత్త వ్యాన్లు కొంటున్నారు. మొదటిది వచ్చేసింది. చక్రాల కుర్చీ ఎక్కడానికి వెనక వాలుబల్ల కూడా ఉంది. కంపెనీ నావిగేషన్ దాంతోపాటే వచ్చింది. గొడవంతా దాంతోనే.

"కంపెనీ సెట్టు మంచిదే," అంది మేనేజరు మేడమ్. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, దాన్నే వెతుక్కునే రకం మనిషి. "కాకపోతే బండి కదులుతుంటే అడ్రసు కొట్టనివ్వదు. డ్రైవరు కొట్టకూడదు, ఒప్పుకుంటా. పక్క సీట్లో నర్సుంటుంది కదా, ఆమెనూ కొట్టనివ్వదు. మా పేషెంట్లు దారిలో ఉండగా ఫోన్ చేస్తారు. ఒకరు ఇవాళ రామంటారు, ఇంకొకరు కూతురింట్లో ఉన్నామంటారు. అడ్రసు మారినప్పుడల్లా బండి పక్కకి ఆపాలి. పొద్దున ఆరుసార్లు ఆపితే అరగంట పోయినట్టే. ఆ అరగంట ఎవరి మెషీను టైములోంచి కొయ్యమంటారు?"

"సేఫ్టీ కోసమే అలా పెట్టారు మేడమ్."

"నర్సమ్మ చెయ్యి కూడా నా చెయ్యే అనుకుంటుందేమో బాబూ మీ మెషీను," అన్నాడు వ్యాను డ్రైవరు. అరవైకి దగ్గర పడిన మనిషి. బాబాయ్ అని పిలవకుండా ఎవరూ ఉండలేరు.

ఇంజనీరు నవ్వలేదు. అతని చొక్కా మీద ఒక్క ముడతా లేదు, మాట మీదా లేదు. చివరికి మేడమే తేల్చింది. బయటి సెట్టు ఒకటి బిగించి ఒక రోజు తిప్పి చూస్తారు. శుక్రవారం బండిని షోరూముకు తీసుకెళ్తే ఇంజనీరు పరీక్ష చేస్తాడు. బాగుంటే ఆరు వ్యాన్లకీ అదే.

"కోసిన తీగ ఒక్కటి కనబడినా వారంటీ కాగితం మీద అడ్డంగా గీత కొడతాను. తర్వాత నన్ననుకోవద్దు," అన్నాడు ఇంజనీరు.

"కోస్తే కొట్టెయ్యండి," అంది ఓపికమ్మ. పొద్దుటి నుంచీ ఆమె నోరు విప్పింది అప్పుడే. అతను ఆమె వైపు తిరిగి చూశాడు, కొలత టేపుకు మాటలొచ్చినట్టు.

కారులో తిరిగొస్తుంటే, వెంట వచ్చిన షాపు ఓనరు ఉషారు పట్టలేకపోయాడు. అతను ఆమె ఆడపడుచు మొగుడు. ఆమెకు అన్నయ్య వరస. మంచివాడే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

"చెల్లెమ్మా, ఆరు వ్యాన్లు! ఈ పని మనకొస్తే వెనకాల ఆ రేకుల పందిరి పీకించేస్తా. గచ్చు వేయించి, బండిని పైకెత్తే యంత్రం పెట్టి, పైన నాలుగు ట్యూబులైట్లు వేయిస్తా. తాళంచెవి నీ చేతిలో పెడతా. ఆ వర్క్‌షాపు నీది. నేను కూడా అడిగి లోపలికి రావాల్సిందే."

ఓపికమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఎండాకాలం రేకుల కింద డ్యాష్‌బోర్డులో తల దూర్చి పడుకుంటే చెమట కళ్ళలోకి కారుతుంది. వానాకాలం వీపు కింద గోనెపట్టా తడుస్తుంది. గచ్చు నేల, నాలుగు లైట్లు, తన తాళంచెవి. ఆమెకు ఆశ లేదని ఎవరన్నారు? ఉంది, గుండె నిండా ఉంది.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి వ్యాను రేకుల కిందికి వచ్చింది. ఆమె ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పి, చేతులు కట్టుకుని పది నిమిషాలు ఊరికే నిలబడింది. అలా నిలబడటం చూసి పక్క షాపు వాళ్ళు ఎన్నిసార్లు నవ్వారో లెక్క లేదు. బండిలో మిగిలిన కరెంటు చల్లారాలి. లేకపోతే ఎయిర్‌బ్యాగు, ఆ గాలి సంచీ, మొహం మీద పేలుతుంది. పేలితే నవ్వేవాళ్ళు మోసుకెళ్తారా ఏమన్నా.

తర్వాత ప్లాస్టిక్ పలకతో డ్యాష్‌బోర్డు అంచుల్ని ఒక్కొక్కటే లేపింది. ఇనుప స్క్రూడ్రైవరు దగ్గరికి కూడా రానివ్వదు. ఇనుము గీత పెడుతుంది, గీత మాట్లాడుతుంది. ఒక్కో క్లిప్పు 'టిక్' అని వదిలినప్పుడు ఆ చప్పుడు ఆమె చెవికి కాదు, వేలికి తెలుస్తుంది. తీసిన స్క్రూలను మందుబిళ్ళల డబ్బా గదుల్లో వేసింది. ఆ డబ్బా మీద వారాల పేర్లుంటాయి. పైవరస స్క్రూలు సోమవారంలో, పక్కవి మంగళవారంలో, సెట్టు పట్టీలవి బుధవారంలో. కంపెనీ సెట్టు బయటికొచ్చాక, పసిపిల్లను ఒళ్ళోకి తీసుకున్నట్టు రెండు చేతులతో తీసి పాత దుప్పట్లో చుట్టి అల్మరాలో పెట్టింది.

అసలు పని అప్పుడు మొదలైంది. మధ్య తీగల కట్టను ముందురోజే తయారు చేసుకుంది. ప్రతి జాయింటునీ టంకం వేసి, పైన గొట్టం తొడిగి, గుడ్డ టేపు చుట్టింది. ప్లాస్టిక్ టేపు ఎండకు జిగురు కక్కుతుంది, గతుకుల్లో టపటపలాడుతుంది. గుడ్డ టేపు నోరు మూసుకుని ఉంటుంది. దారి చెప్పే ఉపగ్రహాల సిగ్నలు పట్టుకునే బిళ్ళను అద్దం కింద నల్లటి అంచులో, బయటికి కనబడని చోట కూర్చోబెట్టింది. కొత్త కట్ట వెళ్ళే దారిలో కంపెనీ తీగ ఒక్కటి కూడా వంగకుండా, లాగబడకుండా చూసుకుంది.

మధ్యాహ్నం ఓనరు తొంగి చూశాడు. "ఇంకా అయిపోలేదా చెల్లెమ్మా? కోసి అతికించేస్తే ఈపాటికి ఇంకో బండి కూడా అయిపోయేది."

"మీరు భోంచేసి ఒక కునుకు తియ్యండన్నయ్యా. లేచేలోగా అయిపోతుంది."

అతను కునుకు తీసి లేచినా అవలేదు. సాయంత్రం నాలుగున్నరకు ఆమె బ్యాటరీ తగిలించి తాళం తిప్పింది. తెర వెలిగింది. పటం మీద నీలం బాణం వచ్చి, సరిగ్గా షాపు ఉన్నచోట నిలబడింది. ఏడున్నర గంటల పని. ఆమె నడుం మీద చెయ్యేసుకుని ఒక్క నిమిషం ఆ బాణాన్నే చూస్తూ ఉండిపోయింది.

ఇక్కడో మాట చెప్పాలి. ఓపికమ్మకు డ్రైవింగ్ రాదు. ఇన్ని వందల బండ్లకు దారి చూపే సెట్లు బిగించిన మనిషి, వాటిలో ఒక్కదాని వెంట కూడా ఎక్కడికీ వెళ్ళలేదు. ఆమె పరీక్షలన్నీ ఆగి ఉన్న బండిలోనే. బాణం ఉన్నచోట ఉంటే పాసైనట్టే. ఆ వీధిలో ఫిట్టర్లందరిదీ అదే పద్ధతి. బండి ఇచ్చాక సెట్టు ఎటు తీసుకెళ్ళిందో వాళ్ళకు అక్కర్లేదు. మేనేజరు మేడమ్ మాత్రం, "తిప్పి చూసే రోజు మీరూ ఎక్కండి" అని పట్టుబట్టింది. అందుకని బుధవారం పొద్దున ఓపికమ్మ ఉతికిన చీర కట్టుకుని, జీవితంలో మొదటిసారి తను బిగించిన సెట్టు వెనక ప్రయాణానికి కూర్చుంది.

మొదటి గంట పండగే అయింది. ముందు సీట్లో నర్సు, వెనక ఓపికమ్మ. రెండో ఇంటి దారిలో ఉండగా ఫోన్ వచ్చింది. ఆ పెద్దాయన కొడుకింటికి వెళ్ళాడట, అక్కడికి రమ్మన్నాడు. నర్సు బండి నడుస్తుండగానే టకటకా అడ్రసు కొట్టింది. సెట్టు కిమ్మనకుండా దారి మార్చేసింది.

"బాబాయ్, ఆపక్కర్లేదు! ఆపక్కర్లేదు!" అంది నర్సు, లాటరీ తగిలినట్టు.

"ఆపాలని నేనేమన్నా తపస్సు చేస్తున్నానా?" అన్నాడు డ్రైవరు. అద్దంలోంచి ఓపికమ్మను చూశాడు. "అమ్మాయ్, నీ చెయ్యి మంచిదమ్మా. ఎక్కడా గడగడ లేదు, కిరకిర లేదు. కంపెనీది మొన్న గతుకులో చిన్నగా దగ్గేది."

ఓపికమ్మ కొంగు సర్దుకుంది. ముఖం మాత్రం దాచుకోలేకపోయింది.

నాలుగో ఇంట్లో టీచరమ్మ ఎక్కింది. రిటైరై చాలా ఏళ్ళయినా వీధి మొత్తాన్ని ఇంకా క్లాసుగదిలాగే చూస్తుంది. చక్రాల కుర్చీని ఎలా తాళ్ళతో కట్టాలో డ్రైవరుకు తనే చెప్పింది. ఆమెకు పదీ నలభైకి మెషీను దగ్గర సమయం. ఆ తర్వాత అదే మెషీను ఇంకొకరిది.

ఊరి మధ్యలో పెద్ద భూగర్భ రోడ్డు ఉంది. లోపల కొంత దూరం వెళ్ళాక మూడుగా చీలుతుంది. ఒకటి స్టేషను వైపు, ఒకటి ఆసుపత్రుల వైపు, ఒకటి నేరుగా ఊరి బయటికి. పైన కప్పు, పసుపుపచ్చ దీపాలు, పక్కన ఒకదాన్ని ఒకటి తోసుకునే లారీలు. బండి లోపలికి దిగిన రెండు నిమిషాలకు ఓపికమ్మ తెర వైపు చూసింది. నీలం బాణం సొరంగం నోటి దగ్గరే నిలబడి ఉంది. బండి మాత్రం పోతూనే ఉంది.

"ఎటు అమ్మాయ్? ఎడమా, మధ్యా?" డ్రైవరు అరిచాడు. లారీ ఒకటి పక్కన గోడలా నిలిచి, దారులు రాసిన బోర్డును పూర్తిగా మింగేసింది.

ఎవరికీ తెలియదు. తెలిసిన యంత్రం మాట్లాడటం లేదు. వెనక హారన్లు. డ్రైవరు మధ్యదారి పట్టాడు. అది ఊరి బయటికి పోయేది. వెలుతురులోకి వచ్చాక బాణం ఉలిక్కిపడి లేచి, 'వెనక్కి తిరగండి' అంది. వెనక్కి తిరగడానికి నాలుగు కిలోమీటర్ల దాకా చోటు లేదు.

సెంటర్ దగ్గర ఆగేసరికి పదకొండూ ఐదు. టీచరమ్మకు ఇరవై ఐదు నిమిషాలు పోయాయి.

"మొన్న కంపెనీదాంతో ఇదే సొరంగంలో ఇదే చీలిక దగ్గర బంగారంలా తిరిగాను," అన్నాడు డ్రైవరు, గొణుగుతున్నట్టుగా. వెంటనే అలా అన్నందుకు బాధపడ్డాడు. "అయినా ఇకమీదట రోజూ ఇందులోంచే కదా, దారి గుర్తుంటుందిలే."

"మిగతా ఐదు వ్యాన్ల డ్రైవర్లకు?" అంది ఓపికమ్మ.

నర్సు గొంతు తగ్గించింది. "మేడమ్‌కి ట్రాఫిక్ అని చెప్తాలెండి. మాకు ఈ సెట్టే బాగుంది. బండి ఆపే బాధ తప్పింది."

టీచరమ్మను కుర్చీతో సహా వాలుబల్ల మీదుగా దింపుతుంటే ఓపికమ్మ కుర్చీ చక్రం పట్టుకుంది. "ఇరవై ఐదు నిమిషాలు తగ్గితే ఏమవుతుందండీ?" అని అడిగింది.

"ఏమీ కాదు. రేపు పొద్దున కాళ్ళు కాస్త బరువుగా ఉంటాయి. చెప్పులు పట్టవు," అంది టీచరమ్మ మామూలుగా. ఆమె తిట్టి ఉంటే బాగుండునని ఓపికమ్మకు అనిపించింది.

సంగతి ఏమిటో ఆమెకు అప్పటికే అర్థమైంది. కంపెనీ సెట్టు ఉపగ్రహాల మీద మాత్రమే ఆధారపడదు. చక్రాలు ఎన్నిసార్లు తిరిగాయో, బండి ఎటు వంగిందో ఆ లెక్క దానికి బండిలోంచే అందుతుంది. ఆకాశం కనబడకపోయినా ఆ లెక్కతో బాణాన్ని నడిపించుకుంటుంది. తన సెట్టుకు ఆ లెక్క లేదు. ఆ వ్యానులో సెట్టు వెనక ప్లగ్గులోకి ఆ తీగ రాదు. అది పెడళ్ళ పైన, బొటనవేలంత మందం కట్టలో ఉంటుంది. కావాలంటే ఆ కట్ట విప్పి, ఒక తీగ తొడుగు కోసి, అక్కడ అతకాలి.

"కొయ్యి మరి!" అన్నాడు ఓనరు, షాపులో ఆమె చెప్పిందంతా విని. "ఎంత? గోరంత. పైన నీ గుడ్డ టేపు చుట్టేస్తే ఆ ఇస్త్రీ చొక్కావాడు కాదు, వాడి తాత దిగొచ్చినా పట్టుకోలేడు."

"పట్టుకోలేడు."

"మరింకేం?"

"కోసిందీ నేనే, కొయ్యలేదని నిలబడేదీ నేనేనా అన్నయ్యా?"

"అబ్బ, ఇదేమన్నా మనిషి పీకా? తీగ! ఆ తీగకు నువ్వు మాటిచ్చావా?"

ఆమె స్పానర్లు తుడుస్తూ కూర్చుంది. అతను మెత్తబడ్డాడు. మెత్తబడినప్పుడే అతను ప్రమాదం. "చూడు చెల్లెమ్మా, నాకోసం కాదు. నువ్వు ఆ రేకుల కింద మాడిపోవడం చూడలేక చెప్తున్నా. రేపొక్క పావుగంట. వర్క్‌షాపు నీదవుతుంది."

"నేను కోస్తే అతనన్నది నిజమవుతుంది," అంది ఓపికమ్మ. "ఆ తీగ బ్రేకుల దగ్గరికి కూడా పోతుంది. ఇవాళ బాగుంటుంది. రెండు వానాకాలాలు పోయాక ఆ అతుకు దగ్గర పచ్చగా చిలుము పడుతుంది. అప్పుడు బండిలో ఎవరుంటారో మనకు తెలియదు."

అతను అంతటితో మాట్లాడటం మానేశాడు. ఆ మనిషి నోరు మూశాడంటే కోపం తారస్థాయిలో ఉన్నట్టు.

సెంటర్ దగ్గర దిగేటప్పుడే ఆమె వ్యాను అరలోంచి కంపెనీ ఇచ్చిన పుస్తకాన్ని తెచ్చుకుంది. రాత్రి ఇంట్లో అన్నం తిన్నాక బల్ల మీద పెట్టి తెరిచింది. ఆమె మొగుడు బైండింగ్ పనివాడు. వేళ్ళకు ఎప్పుడూ జిగురు వాసన.

"ఇలాంటివి నేను వేలకు వేలు కుట్టాను," అన్నాడు అతను. "తెరిచి చదివేవాళ్ళను ఇవాళే చూస్తున్నా."

"మీరు కుట్టినవాటిలో చివరి పేజీలు ఊడిపోతున్నాయని ఎవరూ ఫిర్యాదు చెయ్యనిది అందుకేనన్నమాట."

అతను పడీపడీ నవ్వి కళ్ళజోడు తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. చీమ తలకాయలంత అక్షరాలు. ఒక పేజీ అతను చదివితే, ఒక పేజీ ఆమె. హెచ్చరికలే నలభై పేజీలు. నూట పన్నెండో పేజీలో ఆమె వేలు ఆగింది. మళ్ళీ చదివింది. బండి నడుస్తుండగా కొత్త అడ్రసు కొట్టడం కుదరదు. కానీ ముందే దాచిపెట్టుకున్న చోట్లలోంచి ఒకదాన్ని ఎంచుకోవచ్చు, తెర అంచునున్న గుండ్రటి బొత్తం తిప్పి. ఐదు వందల చోట్లు దాచుకోవచ్చు.

సెంటర్‌కు వచ్చే రోగులు ఎనభై మూడు మంది. ఒక్కొక్కరికి సొంతిల్లు, కూతురిల్లు, కొడుకిల్లు వేసుకున్నా రెండొందల యాభై దాటవు.

"అంటే కంపెనీ సెట్టే చాలు కదా," అన్నాడు మొగుడు. కళ్ళజోడు తీసి, "మీ అన్నయ్య ఊరుకుంటాడా?" అని అడిగాడు.

"ఊరుకోడు."

"నీకు ఆ వర్క్‌షాపు కావాలి కదా?"

"కావాలి," అంది ఆమె. పుస్తకంలో ఆ పేజీ దగ్గర ఒక దారపు ముక్క పెట్టి మూసింది.

గురువారం పొద్దున దుప్పట్లో చుట్టిన కంపెనీ సెట్టుతో ఆమె సెంటర్ ఆవరణలో దిగింది. ఓనరు రాలేదు. రెండు గంటల్లో తన సెట్టు విప్పి కంపెనీది యథాస్థానంలో కూర్చోబెట్టింది. మందుబిళ్ళల డబ్బాలో బుధవారం, మంగళవారం, సోమవారం వరసగా ఖాళీ అయ్యాయి. తర్వాత నర్సును పక్కన కూర్చోబెట్టుకుని, బండి ఆగి ఉండగానే ఇరవై ఇళ్ళ అడ్రసులు కొట్టించి దాచింది. ప్రతిదానికీ రోగి పేరే పెట్టించింది. అప్పుడు మేనేజరు మేడమ్‌ను ఎక్కమంది.

డ్రైవరు బండి తీశాడు. నడుస్తుండగా నర్సు గుండ్రటి బొత్తం తిప్పింది. పేర్లు ఒకదాని వెనక ఒకటి దొర్లాయి. టీచరమ్మ పేరు మీద నొక్కింది. దారి మారింది. బండి ఆగలేదు. టీచరమ్మ ఇంటి దాకా వెళ్ళి, సెంటర్‌కు తిరిగొచ్చే దారిలో భూగర్భ రోడ్డులోకి దిగింది. ఓపికమ్మ తెర మీదికి వంగింది. ఆకాశం లేదు, అయినా బాణం నడుస్తూనే ఉంది. చీలిక దగ్గర ఎడమకు తిప్పమంది. డ్రైవరు ఎడమకు తిప్పాడు. బయటికి రాగానే ఎదురుగా ఆసుపత్రుల వీధి.

మేడమ్ నెత్తి మీది కళ్ళజోడు దించుకుని తెర వైపు చూసింది. "ఈ బొత్తం సంగతి ఆ ఇంజనీరు ఎందుకు చెప్పలేదు?"

"అడ్రసు కొట్టడం కుదురుతుందా అని అడిగారు మీరు. కుదరదన్నాడు. అది నిజమే కదండీ."

"నిన్న లేటైంది ట్రాఫిక్ వల్ల అన్నారు."

నర్సు కిటికీ వైపు తిరిగింది.

"ట్రాఫిక్ వల్ల కాదండీ. నా సెట్టు వల్ల," అంది ఓపికమ్మ. జరిగిందంతా చెప్పింది. తీగ సంగతి కూడా చెప్పింది. కోస్తే సరిపోతుందని, తను కొయ్యనని. "మీ పనికి కంపెనీదే సరైంది. బయటి సెట్టు వద్దు."

"ఆరు వ్యాన్లు పోతాయి మీకు. తెలుసా?"

"లెక్కలు వచ్చండీ," అంది ఓపికమ్మ. మేడమ్ నవ్వింది. ఓపికమ్మ కూడా నవ్వాలనుకుంది గానీ, గచ్చు నేలా నాలుగు లైట్లూ కళ్ళముందు కదిలి, నవ్వు సగంలో ఆగిపోయింది. అయినా వీపు మాత్రం సీటుకు ఆనించకుండా నిటారుగా కూర్చుంది. తన పని గురించి అబద్ధం చెప్పకుండా బయటపడిన మనిషి అలాగే కూర్చుంటుంది.

బయటి సెట్టు ఒకరోజు బండిలో ఉంది కాబట్టి శుక్రవారం పరీక్ష తప్పలేదు. షోరూము సర్వీసు గదిలో నేల అద్దంలా ఉంది. ఓపికమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విడవబోయి, ఎవరూ విడవలేదని చూసి మానేసింది. ఇంజనీరు చేతులకు తొడుగులు వేసుకుని, తలకు దీపం కట్టుకున్నాడు. దొంగను పట్టుకోబోయేవాడి ఉత్సాహం ముఖంలో ఉంది.

డ్యాష్‌బోర్డు అంచుల చుట్టూ దీపం తిప్పాడు. వేలితో తడిమాడు. గీత లేదు. అంచులు లేపి సెట్టు బయటికి లాగాడు. ప్లగ్గులు చూశాడు, ఒక్కొక్క పిన్నూ చూశాడు. కంపెనీ చుట్టిన టేపు కంపెనీ చుట్టినట్టే ఉంది. తీగల కట్టల మీద మురికి ఎక్కడిదక్కడే ఉంది. కింద పడుకుని పెడళ్ళ పైన ఉన్న మందపాటి కట్టను జానెడు జానెడుగా వెలిగించి చూశాడు. అద్దం దగ్గరి నల్లటి అంచు ఎత్తి చూశాడు. జిగురు మరక కూడా లేదు. నలభై నిమిషాలు గడిచాయి. అతని ఇస్త్రీ చొక్కా వీపు దగ్గర తడిసింది.

ఓపికమ్మ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చూసింది. మొదట్లో ఎప్పుడు అయిపోతుందా అనుకుంది గానీ, ఇరవై నిమిషాలు దాటాక ఇంకా వెతకాలి, ఇంకా వెతకాలి అనిపించింది. పదకొండేళ్ళుగా తన పనిని ఇంత శ్రద్ధగా చూసినవాడు ఇంకొకడు లేడు.

ఇంజనీరు లేచి తల దీపం తీశాడు. "మీరు అసలు ఇందులో సెట్టు పెట్టారా?" అని అడిగాడు. ఆ గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

"మంగళవారం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా."

అతను బల్ల దగ్గరికెళ్ళి పరీక్ష కాగితం తీశాడు. అందులో ఒక గడి ఉంది: బయటి పని జరిగిన ఆనవాళ్ళు. దాని ఎదురుగా కలం కాసేపు గాలిలో ఆగింది. తర్వాత 'ఏమీ లేవు' అని రాసి సంతకం పెట్టాడు. కాగితాన్ని మేనేజరు మేడమ్‌కు ఇవ్వబోతూ, ముందు ఓపికమ్మ చేతికిచ్చాడు. రెండు చేతులతో ఇచ్చాడు.

"దీనికో జిరాక్స్ ఇప్పిస్తారా బాబూ?" అందామె.

షాపుకు వచ్చేసరికి ఓనరు కౌంటరు వెనక ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు. రెండు రోజులుగా మూసిన నోరు ఇంకా తెరవలేదు. ఓపికమ్మ జిరాక్స్ కాగితం అతని ముందు పెట్టి, దాని మీద చేత్తో ఒకసారి నిమిరింది. అతను చూడనట్టు చూశాడు. తర్వాత చేతిలోకి తీసుకుని చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఇందులో నీ పేరు లేదు, మన షాపు పేరూ లేదు," అన్నాడు. కోపంగా మొదలుపెట్టిన మాట మధ్యలో ఎక్కడో దారి తప్పింది. "అసలు బండి మీద చెయ్యే పడలేదని రాశాడు కదమ్మా!"

"అవునన్నయ్యా," అంది ఓపికమ్మ. ఆమె కళ్ళు తడిగా మెరుస్తున్నాయి, తల మాత్రం వంచలేదు. "ఏడున్నర గంటలు చేశాను. ఏమీ జరగలేదని రాసి సంతకం పెట్టాడు."